నెల్లూరులో ఒక్క రోజు: తూర్పుకా, పడమరకా?

నలుగురైదుగురు స్నేహితులు కలిసి సెలవు రోజున నెల్లూరు చూడాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ దిక్కుకన్నది. జొన్నవాడ కామాక్షమ్మ, నరసింహకొండ ఊరికి పడమట. పళ్లిపాడు ఆశ్రమం, మైపాడు సముద్రతీరం తూర్పున. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సగం పూట ఊళ్లోని ట్రాఫిక్‌కే పోతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే పడమర మేలు, కుర్రకారుకు తూర్పే సరి.

ట్రంకు రోడ్డు లాడ్జీల్లో వెనకవైపు గది అడగండి, రోడ్డు వైపు గదిలో హారన్ల మోతకు నిద్ర పట్టదు. చెకౌట్ 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. తెల్లవారుజామున రైలు దిగినవాళ్లకు ఆ తేడా ఒక రోజు అద్దె.

మధ్యాహ్నం తలుపులు మూస్తారు కాబట్టి రంగనాయకులపేటలోని తల్పగిరి రంగనాథస్వామి గుడికి పొద్దున్నే వెళ్లాలి. గాలిగోపురం, అద్దాల మండపం చూసుకుని పెన్న ఒడ్డున కాసేపు కూర్చోవచ్చు. తర్వాత కారం దోసె. ఎండుమిర్చి, వెల్లుల్లి నూరిన ఎర్రకారం దోసె పెనం మీద ఉండగానే పూసి, పైన పప్పుల పొడి చల్లుతారు. కారం తట్టుకోలేనివాళ్లు పూత తగ్గించమని ముందే చెప్పాలి.

దారిలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా. మొహర్రం రోజుల్లో ఇక్కడ రొట్టెల పండుగ. ఆరోగ్యం, ఉద్యోగం, పెళ్లి అంటూ కోరికను బట్టి చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం. పండుగ కోసమే వస్తుంటే సరే, లేకుంటే తేదీ మార్చుకోండి.

భోజనానికి చేపల పులుసున్న మెస్. ఆలస్యంగా పోతే మంచి ముక్కలు అయిపోయి పులుసే మిగులుతుంది, అందుకే ఒంటిగంటకల్లా కూర్చోవాలి. కొర్రమీను ఉంటే అదే అడగండి. మామిడికాయల కాలంలో పులుసులో వేసిన ముక్క గుజ్జయి అన్నంలో కలిసిపోతుంది. పొద్దున కాచి నిలవ ఉంచిన పులుసుకే రుచి ఎక్కువ, ముక్కకు ఉప్పూ పులుపూ బాగా పడతాయి.

తూర్పే ఎంచుకుంటే, ఎండ తగ్గాక పళ్లిపాడు. పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. ఆర్భాటం లేని చోటు, నిదానంగా చూడాలి. అక్కణ్నుంచి మైపాడు. నెల్లూరు నుంచి లెక్కేస్తే సుమారు 25 కిలోమీటర్లు. సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు నీళ్లలో కుంకడు. సాయంత్రం వచ్చేది గాలి కోసమే. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది, మోకాలి లోతు దాటొద్దు. ఆటో అయితే రానూపోనూ, ఆగే సమయంతో కలిపి బేరమాడుకోవాలి, చీకటి పడ్డాక అక్కడ వేరే బండి కష్టం. బస్సులో వచ్చినవాళ్లు చివరి బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టర్ని అడగండి.

నెల్లూరు మిఠాయి మలై కాజా పొద్దున్నే కొనొద్దు. లోపల పాలమీగడ ఉంటుంది, ఎండకు పులుస్తుంది. రైలెక్కే ముందు కొని మరునాడే తినేయాలి.