క్రాబీలో ఎక్కడ దిగాలి, ఏ ఆటకి ఏ పాలసీ

నెల్లూరు వాళ్లం థాయ్‌లాండ్ వెళ్లాలంటే రైల్లో చెన్నై చేరి విమానం ఎక్కడం అలవాటే. అందుకే ఆ దారి సంగతి వదిలేసి, అక్కడి సముద్రతీర ఊరు క్రాబీలో మా వాడికి దెబ్బ తగిలినప్పుడు ఏం జరిగిందో రాస్తున్నాను.

నాలుగు దీవుల టూర్లో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీటిపైన తేలుతూ అడుగు చూడటం) చేసి పడవెక్కుతూ మా బావమరిది నిచ్చెన మీద కాలు జారాడు. మెట్లకి పాచి. ఒడ్డుకి వచ్చేసరికి మణికట్టు వాచిపోయింది. "వేళ్లు కదల్లా బావా" అన్నాడు. పడవ నడిపే కుర్రాడు ఐస్‌ని తువ్వాల్లో చుట్టి చేతికి కట్టాడు. టూర్ ఆఫీసు వాళ్లు మాత్రం వ్యాన్ ఎక్కించి చేతులు దులుపుకున్నారు.

క్రాబీ టౌన్లో ప్రైవేటు ఆసుపత్రి శుభ్రంగా ఉంది, ఎక్స్‌రే, పిండికట్టు చకచకా అయిపోయాయి. మా ప్రయాణ బీమా పాలసీలో ఉన్న సహాయ నంబరుకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, దెబ్బ తగిలేటప్పుడు ఏం చేస్తున్నారని. తర్వాత, మందు తాగారా అని. డాక్టరు కాగితంలో 'కింద పడ్డాడు' అని మాత్రమే ఉంటే, ఎక్కడ పడ్డాడని తర్వాత పేచీ వస్తుంది. 'టూర్ పడవ నిచ్చెన మీద జారాడు' అని రాయించుకున్నాం. క్లెయిము నిలబడింది ఆ వాక్యం మీదే.

మా పాలసీలో స్నార్కెలింగ్ మామూలు వినోదం కిందే లెక్క. ప్యారాసెయిలింగ్, కొండలెక్కడం, బంగీ లాంటివి చాలా పాలసీలు మినహాయిస్తాయి, అదనపు ప్రీమియం కట్టి సాహస క్రీడల కవరు తీసుకుంటే తప్ప. గాలి సిలిండరుతో నీటి అడుక్కి దిగే స్కూబాకి సాధారణంగా సర్టిఫికెట్టో, పక్కన శిక్షకుడో ఉండాలి. వీటన్నిటికన్నా నాకు భయం అద్దె స్కూటర్లంటే. లైసెన్సు చూడకుండానే తాళం చేతిలో పెడతారు. మన లైసెన్సులో టూవీలరు లేకున్నా, ఆర్టీవో దగ్గర తీసుకునే అంతర్జాతీయ పర్మిట్ లేకున్నా, ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరిస్తారు. ఆ పర్మిట్ ఏడాదే చెల్లుతుంది, తేదీ చూసుకోండి. యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే షెంజెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల మెడికల్ కవరు తప్పనిసరి కాబట్టి అందరూ పాలసీ కొంటారు. థాయ్‌లాండ్‌కి అడిగేవాళ్లు లేరని వదిలేస్తారు. అది చాలా తప్పు.

ఊరికొచ్చాక బీమా కంపెనీ అవే బిల్లులు పదే పదే పంపమంది. చివరికి మన వాటా మినహాయించి మిగతాది ఇచ్చింది. నెల్లూరులో ఫిజియోథెరపీ ఖర్చు మాదే, మా పాలసీ విదేశంలో వైద్యానికే పరిమితం. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా నెలలోగా తేల్చకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజేమీ లేదు.

బస సంగతికొస్తే, అందంలో రైలే బీచ్‌కి సాటి లేదు, నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి కొండలు. కానీ ఆ కొండల వల్లే రోడ్డు లేదు, పడవలోనే వెళ్లాలి, రావాలి. అర్ధరాత్రి ఎముక విరిగితే ముందు పడవ దొరకాలి. మేం దిగిన ఆవో నాంగ్‌లో బీచ్ సాదాసీదా, సాయంత్రం గోల ఎక్కువ, అయినా ఆసుపత్రికి నేరుగా కారులో వెళ్లిపోవచ్చు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లు ఆవో నాంగ్‌లో గది తీసుకుని రైలే పగటిపూట చూసి రండి.