వారంటీలో ఉన్న కారు యజమానులకు హెచ్చరిక: సర్వీసుకు ఇచ్చేటప్పుడు వర్క్‌షాప్ రాసే జాబ్ కార్డు చదవకుండా సంతకం పెట్టకండి

జాతీయ రహదారి పక్కనున్న ఆ వర్క్‌షాప్ ఆవరణలో నా కారు మూడు రోజులుగా కదలకుండా పడి ఉంది. అది ఏ డీలరుదో విశాఖపట్నంలో ఆ కంపెనీ బండి నడుపుతున్నవారికి నేను చెప్పనక్కరలేదు. విషయం వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్ళబోతున్నది కనుక ఇక్కడ పేరు రాయడం లేదు.

మొదటి నుంచి వివరంగా చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు. మూడేళ్ళ క్రితం 14 లక్షలు పెట్టి రెండు క్లచ్చులతో గేర్లు వాటంతటవే మారే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కారు కొన్నాను. లోను ఇంకా రెండేళ్ళు కట్టాలి. వారంటీ 3 సంవత్సరాలు లేదా 1 లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రెండో ఏడాదిలోనే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో బండి మెల్లగా పాకుతున్నప్పుడు, మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేచోట ఎవరో వెనుక నుంచి తోసినట్టు కుదుపు మొదలైంది. నూనెలో మునగని పొడి క్లచ్చులుండే ఇలాంటి గేర్‌బాక్సులు ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లోనూ, ఎత్తు మీద నెమ్మదిగా ఎక్కేటప్పుడూ త్వరగా వేడెక్కుతాయట. రోజూ గాజువాక నుంచి ద్వారకానగర్‌కు ఉద్యోగానికి వెళ్తానని చెప్పి మరీ బండి కొన్న నాకు ఆ సంగతి అమ్మినవారెవరూ చెప్పలేదు.

ఈ కుదుపు గురించి వారంటీ ఉండగానే మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ బండి తీసుకుని ఫిర్యాదు రాసుకునే ఒకే సర్వీస్ అడ్వైజర్‌కు చెప్పాను. మూడోసారి, వారంటీ ముగియడానికి రెండు నెలల ముందు, పక్క సీట్లో కూర్చున్న మా చెల్లెలి చేత వీడియో తీయించి వాట్సాప్‌లో కూడా పంపాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని, ఇక రాదని బండి తిరిగి ఇచ్చారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ (డబ్బు కట్టి పెంచుకునే గడువు) తీసుకోవాలా అని ఆ రోజే అడిగితే, "మీ కంప్లైంట్ రికార్డులో ఉంది మేడమ్, వారంటీ అయ్యాక మళ్ళీ వచ్చినా కంపెనీయే చూసుకుంటుంది" అన్నాడు. ఆ మాట నమ్మి తీసుకోలేదు.

వారంటీ ముగిసిన 37వ రోజున నాన్నగారిని సింహాచలం దర్శనానికి తీసుకువెళ్తుండగా, అడవివరం దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వెలిగి, బండి మలుపులో నిలిచిపోయింది. వెనుక బస్సు ఉంది. డెబ్బై నాలుగేళ్ళ నాన్నగారు ఎండలో గోడ పట్టుకుని నిలబడి ఉండగా, ఎవరో నలుగురు కుర్రవాళ్ళు దిగి బండిని పక్కకు నెట్టారు. వారి పేర్లు కూడా అడగలేకపోయాను, వారికి ఇక్కడ నమస్కరిస్తున్నాను.

ఇక వర్క్‌షాప్‌లో జరిగినది చెప్పాలి. గేర్‌బాక్స్ బాగుచేయడానికి ఎస్టిమేట్ 1,92,400 రూపాయలన్నారు. వారంటీలోనే మూడుసార్లు ఫిర్యాదు చేశానని చెప్పగానే సర్వీస్ మేనేజర్ మొదట అడిగిన ప్రశ్న "సార్ రాలేదా మేడమ్?" అని. కారు నా పేరున ఉంది, లోను నా జీతంలోంచి పోతోంది, మాట్లాడవలసినది నాతోనే అని చెప్పాను. అప్పుడు కంప్యూటర్ తెర నా వైపు తిప్పి నా పాత జాబ్ కార్డులు చూపించాడు. మూడు తేదీలూ ఉన్నాయి. మూడింటి ఎదురుగానూ "సాధారణ సర్వీసు, వాషింగ్" అని మాత్రమే ఉంది. గేరు అన్న మాట లేదు, కుదుపు అన్న మాట లేదు, చేశామన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా లేదు. "మీరు కంప్లైంట్ ఇచ్చినట్టు ఇందులో ఎక్కడుంది మేడమ్? కింద సంతకం మీదే కదా?" అన్నాడు.

ఆ అడ్వైజర్ రెండు బల్లల అవతలే కూర్చుని ఉన్నాడు. నేను పేరు పెట్టి పిలిచి, "బాబూ, నేను మీకు చెప్పానా లేదా? రికార్డులో ఉందని మీరే అన్నారు కదా?" అని అడిగాను. అతను తల ఎత్తి ఒక్కసారి మేనేజర్ వైపు చూసి, "రోజుకు ఎన్నో బళ్ళు వస్తాయి మేడమ్, నాకు గుర్తు లేదు" అన్నాడు. మూడుసార్లూ టీ ఇచ్చి కూర్చోబెట్టినవాడు, మా అబ్బాయి పదో తరగతి ఫలితాల గురించి అడిగినవాడు, నా కళ్ళలోకి చూడకుండా ఆ మాట అన్నాడు. రెండు లక్షల కంటే అది నన్ను ఎక్కువగా బాధపెట్టింది. వాట్సాప్‌లో నా వీడియో కింద అతనే "నోట్ చేసుకున్నాను మేడమ్" అని పంపిన జవాబు చూపిస్తే, అది అతని సొంత ఫోనని, డీలరుకు సంబంధం లేదని మేనేజర్ కొట్టిపారేశాడు. పైగా క్లచ్ అనేది బ్రేక్ ప్యాడ్ల లాగా అరిగే భాగమని, వారంటీ ఉన్నా రాదని అన్నాడు. అలాగైతే ఎస్టిమేట్‌లో సగానికి పైగా ఉన్న, గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ భాగమైన మెకట్రానిక్స్ యూనిట్ కూడా అరిగే భాగమేనా అని అడిగితే జవాబు రాలేదు. లేబర్ చార్జీలో 20 శాతం తగ్గిస్తామన్నారు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే డీలరు ఇచ్చిన నివేదికే తమకు ప్రమాణమని చెప్పి, రెండో రోజుకల్లా ఫిర్యాదును మూసివేశారు.

తప్పులో నా పాలు కూడా ఉంది, దాన్ని దాచుకోను. నేను బ్యాంకులో పని చేస్తాను. కౌంటర్ ముందుకు వచ్చిన ప్రతివారికీ చదివి సంతకం పెట్టండని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. అలాంటి నేను ఆఫీసుకు ఆలస్యమవుతోందన్న తొందరలో మూడు జాబ్ కార్డుల మీద చదవకుండా సంతకం పెట్టాను. వారంటీ పనికి డీలరుకు డబ్బు ఇచ్చేది కంపెనీ. ఆ కంపెనీ చూసేది జాబ్ కార్డులో ఉన్న అక్షరాలనే తప్ప మనం నోటితో చెప్పినదాన్ని కాదు. ఇంత చిన్న విషయం నాకు తట్టకపోవడం క్షమించుకోలేకపోతున్నాను.

మీరు బండి ఇచ్చేటప్పుడు ఫిర్యాదును మీ మాటల్లోనే జాబ్ కార్డులో రాయించండి, నకలు తీసుకోండి, అదే రోజు డీలరుకూ కంపెనీకీ కలిపి ఈమెయిల్ పంపండి. వారంటీ ముగిసేలోగా ఎక్స్‌టెండెడ్ వారంటీ సంగతి తేల్చుకోండి, తరువాత సాధారణంగా ఇవ్వరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తెలియజేయవలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే. చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయవచ్చు.

నా నోటీసు ఈ రాత్రికి పూర్తవుతుంది, రేపు ఉదయం స్పీడ్ పోస్టులో వెళ్తుంది. అదే వర్క్‌షాప్‌లో ఇదే కుదుపుకు బండి ఇచ్చినవారు దయచేసి మీ పాత జాబ్ కార్డులు ఒకసారి తీసి చూడండి. వాటిలో కూడా "సాధారణ సర్వీసు, వాషింగ్" అనే ఉంటే, తేదీతో సహా నాకు తెలియజేయండి.