మందస అడవి: మొక్క నాటడమా, మంట ఆపడమా?

విశాఖ నుంచి వారాంతంలో వచ్చి శ్రీకాకుళం జిల్లా మందస కొండల కింద మొక్కలు నాటి వెళ్లేవాళ్ల మనసు మంచిదే. కానీ వానల్లో నాటిన మొక్కకు అసలు గండం ఎండాకాలంలో. అప్పుడు దగ్గరుండేది ఊళ్లోని సవర గిరిజనులే. ఎండుటాకులు ఊడ్చి, మంట దాటకుండా బాట తీయాలి. పొగ కనిపిస్తే పచ్చి కొమ్మలు విరుచుకుని పరిగెత్తాలి. విస్తళ్లు కుట్టే అడ్డాకు ఎక్కడ కోయాలో, ఏ తీగ వదలాలో కూడా వాళ్లకే తెలుసు. పైగా సామూహిక అడవిని కాపాడుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది.

అందుకే నా ఓటు మంట ఆపడానికే: పని ఏమిటో ఊరు చెప్పాలి, పట్నంవాళ్లు చెయ్యి కలపాలి. ఫిబ్రవరిలో ఆకులు ఊడ్చడానికి రండి. వెళ్లేటప్పుడు కొండచీపుర్లు బేరమాడకుండా కొనండి.