తుమ్మ ముక్క పట్టుకుని ఇండియావుడ్‌కి

అనంతపురంలో మాకు చిన్న చెక్కపని షెడ్డు ఉంది. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాం. నలభై ఏళ్లుగా ఉలి పట్టిన మా పెద్దనాయన, నేను, ఇద్దరు పిల్లోళ్లు. 2024 ఫిబ్రవరి 22 నుంచి 26 దాకా బెంగళూరులో ఇండియావుడ్ ప్రదర్శన అని తెలిసి ఆయన్ని బయల్దేరదీశాను. చెక్కపని మెషిన్లు, పనిముట్లు పెట్టే ప్రదర్శన అది, రెండేళ్లకోసారి జరుగుతుంది. "పనిముట్లు చూసేదానికి అంత దూరం ఎందుకురా?" అన్నాడు మొదట. తర్వాత బ్యాగు సర్దుతుంటే చూశాను, పంచెల మధ్యలో జానెడు తుమ్మ ముక్క ఒకటి, టేకు ముక్క ఒకటి చుట్టి పెట్టుకున్నాడు. ఆ రెండు ముక్కలే అక్కడ మా డబ్బులు కాపాడాయి.

గురువారం రాత్రి రైలెక్కి తెల్లారేసరికి యశ్వంతపురంలో దిగాం. స్టేషన్ పక్కనే మెట్రో. అప్పట్లో గ్రీన్ లైన్ నాగసంద్రతో ఆగిపోయేది. అక్కడి నుంచి ప్రదర్శన జరిగే బీఐఈసీకి మూడు కిలోమీటర్లు ఆటోలో వెళ్లాం. ఆటో అతను తెలుగులోనే మాట్లాడాడు, పెద్దనాయనకు అక్కడే సగం టెన్షన్ పోయింది. 2024 నవంబర్ నుంచి మెట్రో బీఐఈసీ పక్కనున్న మాదావర దాకా నడుస్తోంది కాబట్టి ఇప్పుడు వెళ్లేవాళ్లకు ఆ ఆటో బాధ లేదు.

బస విషయంలో నేను తప్పు చేశాను. దగ్గరగా ఉంటుందని తుమకూరు రోడ్డు మీద ఒక లాడ్జిలో గది బుక్ చేశాను. ప్రదర్శన రోజులని రేటు పెంచారు. రాత్రంతా లారీల హారన్లు. వేడినీళ్లు ఉంటాయన్నారు గానీ పొద్దున ఏడింటికల్లా ఆగిపోయాయి, పెద్దనాయన చన్నీళ్లే పోసుకున్నాడు. యశ్వంతపురంలోనో మల్లేశ్వరంలోనో ఉండి మెట్రోలో వచ్చిపోవడమే మేలు. తిండి కూడా అంతే. లోపల ఫుడ్ కోర్టులో మధ్యాహ్నం క్యూ పెద్దది, ధరలూ ఎక్కువ. పొద్దున తుమకూరు రోడ్డు మీద తట్టె ఇడ్లీ కడుపునిండా తిని లోపలికి వెళ్లాం, మూడింటి దాకా ఆకలి అనలేదు.

ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్నందువల్ల గేటు దగ్గర ఆలస్యం కాలేదు. లోపల ఎక్కువ భాగం ఫ్యాక్టరీలకు పనికొచ్చే సరుకే. హోమాగ్, బియెస్సే, ఎస్‌సీఎం లాంటి కంపెనీల పెద్ద మెషిన్లు, ప్లైవుడ్ షీటును నిమిషంలో ముక్కలు చేసే ప్యానెల్ సాలు, అంచులకు పట్టీ అతికించే ఎడ్జ్ బ్యాండర్లు. మాడ్యులర్ కిచెన్లు చేసేవాళ్లు ఒక రోజంతా వాటికే కేటాయించాలి. మా పని అది కాదు. చేతి పనిముట్లు, చిన్న పవర్ టూల్స్ ఉన్న స్టాళ్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. హాలు మ్యాపు తీసుకుని ముందే గుర్తు పెట్టుకోకపోతే కాళ్లు పడిపోతాయి. కింద అంతా సిమెంటు నేల, మెత్తటి బూట్లు వేసుకుని వెళ్లండి.

ఒక స్టాల్లో జపాన్ రకం రంపాలు ఉన్నాయి. మామూలు రంపం తోసినప్పుడు కోస్తుంది, ఇది లాగినప్పుడు కోస్తుంది. లాగుడు కాబట్టి బ్లేడు వంగదు, అందుకే పలచగా చేస్తారు, కోత సన్నగా వస్తుంది. స్టాల్లో కుర్రాడు పైన్ చెక్క మీద నాలుగు లాగుల్లో కోసి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే కొనడం మొదలుపెట్టారు. పెద్దనాయన బ్యాగులోంచి తుమ్మ ముక్క తీసి, "దీన్ని కొయ్యి నాయనా, చూస్తా" అన్నాడు. కుర్రాడు ఆ ముక్కను చేతిలో తూచి, లోపలున్న పెద్దాయన్ని పిలిచాడు. ఆయన మంచి మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: "ఇది మెత్తటి చెక్కకు, టేకుకు, ప్లైకి బాగుంటుంది. తుమ్మకు వాడితే పళ్లు ఊడతాయి." ఆ పళ్ల కొసలకు ప్రత్యేకంగా వేడి చేసి గట్టిదనం ఎక్కిస్తారట. అందుకే చాలాకాలం మొండిబోవు, కానీ గట్టి చెక్కలో బలవంతం చేస్తే విరుగుతాయి, ఆకురాయితో మళ్లీ పదును పెట్టడానికీ వీలుండదు. బ్లేడు మార్చుకోవడమే. టేకు ముక్క మీద పెద్దనాయనే కోసి చూశాడు. కోసిన చోట వేలు రాసి, "చిత్రిక పట్టినట్టుందిరా" అన్నాడు. టేకు పనికని ఒకటి, అదనపు బ్లేడు ఒకటి తీసుకున్నాం. తుమ్మకు, నల్లమద్దికి మా పాత రంపమే.

మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టాల దగ్గర ఇంకో అరగంట పట్టింది. మూడు రకాలు నచ్చాయి. పెద్దనాయన ఒక ప్లై ముక్క అడిగి తీసుకుని, నిటారు అంచుకు మూలమట్టం ఆనించి సన్నటి పెన్సిల్‌తో గీత గీశాడు. మూలమట్టాన్ని బోర్లా తిప్పి, అదే చోటు నుంచి ఇంకో గీత గీశాడు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అది సరైన తొంభై డిగ్రీలు. ఎడం కనిపిస్తే అసలు తేడా ఆ ఎడంలో సగం. ఇత్తడి పట్టీలతో మెరిసిపోతున్న ఖరీదైనదానికే పై కొస దగ్గర గీతలు విడిపోయాయి. సాదాగా ఉన్న అన్నిటికంటే చవకది నిలబడింది. దాన్నే కొన్నాం. తలుపు చట్రం మూల తప్పితే ఎంత చిత్రిక పట్టినా తలుపు కూర్చోదు, కాబట్టి ఆ అరగంట వృథా కాలేదు.

నష్టపోయింది చెక్కలో గాళ్లు తీసే రూటర్ మెషిన్ బిట్ల దగ్గర. మా చిన్న రూటర్లో బిట్ కాడను బిగించే పట్టు 6 మిల్లీమీటర్లది. ఒక స్టాల్లో బిట్ల సెట్టు తీసుకుంటూ అడిగితే, "పావు అంగుళం అంటే అదే సార్" అన్నాడు. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇంటికొచ్చి చూస్తే కాడ పట్టులోకి దూరలేదు. తొమ్మిది వందలు పోయాయి. తిరగేసి జరిగితే ఇంకా ప్రమాదం: 6 మిల్లీమీటర్ల కాడ 6.35 పట్టులో పెడితే సరిగా బిగుసుకోదు, ఆ వేగానికి జారి ఎగిరిపోతుంది. పెద్ద రూటర్లలోనూ ఇదే గొడవ, 12 మిల్లీమీటర్లు వేరు, అర అంగుళం అనే 12.7 వేరు. మీ రూటర్ పట్టు తీసి జేబులో పెట్టుకుని వెళ్లండి, బిట్ అక్కడే దూర్చి చూడండి.

నేను ఎక్కువసేపు నిలబడింది దుమ్ము లాగే వాక్యూమ్ దగ్గర. చెక్కను నున్నగా రుద్దే శాండర్‌కు గొట్టం తగిలించి నల్ల చెక్క రుద్దుతున్నారు, కింద పరిచిన తెల్ల కాగితం తెల్లగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో పెట్టింది. మా పెద్దనాయన ఏళ్ల తరబడి ముక్కుకు తువ్వాలు కట్టుకుని పని చేశాడు, చలికాలం వస్తే రాత్రంతా దగ్గు. ధర విని ఆయన వద్దన్నాడు. నేను అడ్వాన్స్ కట్టేశాను. ప్రదర్శన ధరకూ డీలర్ ధరకూ తేడా కొంచెమే. ఇక్కడ దక్కిన లాభం వేరు: మెషిన్ ఆడించి చూశాం, సర్వీస్ ఎక్కడో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో రాయించుకున్నాం. జీఎస్టీ కలిపిన ధరేనా, రవాణా ఎవరిదో కూడా అడిగి రాయించుకోండి.

శనివారం పొద్దున చిక్‌పేట మెట్రోలో దిగి నడుచుకుంటూ పనిముట్ల బజారు ఉన్న ఎస్‌పీ రోడ్డుకు వెళ్లాం. క్లాంపులు, డ్రిల్ బిట్లు, శాండ్ పేపరు లాంటి రోజువారీ సరుకు ప్రదర్శన కంటే అక్కడే చవక, బేరమూ కుదురుతుంది. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు. హైదరాబాద్ వైపువాళ్లకు రాణిగంజ్ బజారు ఉండగా వీటి కోసం బెంగళూరు రావాల్సిన పని లేదు. మెట్రోలో బ్యాగులు స్కాన్ చేస్తారు కాబట్టి రంపం, సరుకు పట్టుకుని స్టేషన్‌కు ఆటోలోనే వెళ్లాం. విమానంలో వచ్చేవాళ్లు పదునైనవి ఏవీ చేతి బ్యాగులో పెట్టకండి.

వాక్యూమ్ పది రోజులకు షెడ్డుకు వచ్చింది. మొదటి రోజు పెద్దనాయన తుమ్మ తలుపు మీద గంటసేపు శాండర్ ఆడించి, తువ్వాలు విప్పి దులిపి చూశాడు. "ఈసారి పోయేటప్పుడు వేప ముక్క కూడా తీసుకుపోదాం, దాని నార ఎటుపడితే అటు ఉంటుంది" అన్నాడు.