బ్రిటన్‌లో రోమన్ల పాలన ఎందుకు ముగిసింది: పిల్లలకు ఎలా చెబితే మేలు?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని ప్రైమరీ స్కూల్‌కి పంపే తెలుగు తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. తేదీలతో చెప్పాలా, శత్రువుల దాడులతోనా, సైనికుల జీతంతోనా?

తేదీలతో చెప్పడం తేలిక. క్రీ.శ. 43లో వచ్చారు, 410లో పోయారు. కానీ అంతే వింటే రోమన్లంతా ఒకేరోజు ఓడలెక్కారని పిల్లలు అనుకుంటారు. వెళ్లింది ముఖ్యంగా సైన్యం, అదీ విడతలుగా. 383లో మాగ్నస్ మాక్సిమస్, 407లో మూడవ కాన్‌స్టంటైన్ రోమ్ సింహాసనం కోసం సైనికుల్ని గాల్‌కు (దాదాపు ఇప్పటి ఫ్రాన్స్) తీసుకుపోయారు. జనం ఉన్నచోటే ఉన్నారు. 212 నుంచి వాళ్లలో బానిసలు కానివారు దాదాపు అందరూ రోమన్ పౌరులే.

ఉత్తరాన ఇప్పటి స్కాట్లండ్ నుంచి వచ్చే పిక్ట్‌లు, సముద్రం దాటి వచ్చే శాక్సన్ల దాడుల కథ పిల్లలకు బాగా నచ్చుతుంది. అయితే 367లో అన్ని వైపుల నుంచీ మీద పడినా రోమ్ తట్టుకుంది. నలభై ఏళ్లకే ఎందుకు తట్టుకోలేకపోయిందో ఈ కథ చెప్పదు. కత్తి, డాలు వేషాలు సరదాకి సరే.

నేనైతే జీతంతోనే మొదలుపెడతాను. సైనికుల జీతాల నాణేలు సముద్రం అవతలి టంకశాలల్లో తయారయ్యేవి. సైనికుడు ఆ డబ్బుతో కుండ కొంటాడు, కుమ్మరి పన్ను కడతాడు. 402 తర్వాత కొత్త నాణేలు రావడం దాదాపు ఆగిపోయింది. 406 చివర్లో వాండల్స్, అలన్లు, స్వేబీలు అనే తెగలవాళ్లు రైన్ నది దాటి, బ్రిటన్‌కీ రోమ్‌కీ మధ్యనున్న గాల్‌లో చొరబడ్డారు. మరి జీతం అందని సైనికుడు ఏం చేస్తాడు? కుండలు అమ్ముడుపోని కుమ్మరి సంగతేంటి? ఇలా అడిగితే పిల్లలే ఒక్కో ముడీ విప్పుతారు. పెద్దఎత్తున సాగిన కుండల తయారీ నిజంగానే కొన్ని దశాబ్దాల్లో కూలిపోయింది.

దీనికి కళ్లారా చూపించగల సాక్ష్యం కూడా ఉంది. 1992లో సఫోక్‌లోని హాక్సన్‌లో దాదాపు 15,000 నాణేలున్న నిధి దొరికింది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వెండి నాణేలు చాలావాటికి అంచులు కత్తిరించేశారు, చక్రవర్తి ముఖాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు కత్తిరించారో పిల్లల్నే ఊహించమనండి. కొత్త వెండి రాని కాలం ఎలా ఉంటుందో వాళ్లకు అక్కడే అర్థమవుతుంది.

410 తేదీని చివర్లో చెప్పండి. మీ రక్షణ మీరే చూసుకోండని చక్రవర్తి హొనోరియస్ ఆ ఏడాది బ్రిటన్ నగరాలకు రాశాడంటారు. ఆ లేఖ ఇటలీలోని బ్రుట్టియంకు రాసింది కావచ్చని కొందరు చరిత్రకారుల వాదన. పదేళ్లు దాటిన పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పొచ్చు.