మ్యూజియం దుకాణంలో కొన్నవి, అక్కడే వదిలేసినవి

పాలకొల్లులో ఉండే మా పిన్నిని వెంటబెట్టుకుని గోదావరి డెల్టాలో మూడు రోజులు తిరగాలని బయలుదేరినప్పుడే ఒక పని ప్రత్యేకంగా పెట్టుకున్నాను. ప్రదర్శనశాలల దగ్గర అమ్మే వస్తువులను తీరిగ్గా చేతిలోకి తీసుకుని చూసి, ఈ నేల మీద తయారైనవేవో, ఎక్కడినుంచో పెట్టెల్లో వచ్చి దిగినవేవో తేల్చుకుని, ఆ తరవాతే డబ్బు తీయాలనుకున్నాను. ప్రతి ప్రయాణం చివరా హడావిడిగా ఏదో ఒకటి కొనడం, అది ఇంటికొచ్చాక అలమారులో మూలన పడి ఉండడం చాలాసార్లు జరిగింది కాబట్టి, ఈసారి కొనే వస్తువుకూ చూసిన చోటుకూ సంబంధం ఉండాలన్నది నా పట్టుదల.

మొదటిరోజు ఉదయం రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాల చూశాము. 1897లో పుట్టి 1925లోనే, ముప్పై ఏళ్ళయినా నిండకుండా మశూచితో పోయిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు పిన్ని చాలాసేపు నిలబడిపోయింది. అక్కడినుంచి ధవళేశ్వరం వెళ్ళి కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు చూశాము. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట గోదావరిని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఎలా దాటిందో, ఆ నీళ్ళు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలై ఎలా చీలిపోయాయో నమూనా ముందు నిలబడితే బాగా అర్థమవుతుంది. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ 1982లో పూర్తయింది. ఈ నీళ్ళు పారిన ఊళ్ళలో పండిన బియ్యం, కాసిన కొబ్బరి, ఆ ఊళ్ళ చేతిపనులు, ఇవి కాక డెల్టా పేరుతో అమ్మదగినది వేరే ఏముంటుందన్న ప్రశ్న అక్కడే నా మనసులో పడింది.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చేరి పూతరేకులు కొన్నాము. బోర్లించిన కుండ కింద ఎండిన కొబ్బరాకుల మంట పెట్టి, పల్చని బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి తీసేసరికి రేకు ఎండి కాగితంలా లేచి వచ్చే పని ఎన్నిసార్లు చూసినా కళ్ళు తిప్పుకోలేము. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. రేకు అంచును వేళ్ళతో నొక్కితే చిట్లాలి. వంగి సాగితే అది పాతదో, తేమ పట్టిందో అనుకోవాలని పిన్ని చెప్పింది. ఆ మాట మరునాడు నాకు బాగా పనికొచ్చింది.

రాత్రికి కోనసీమలో ఒక కొబ్బరితోట ఇంట్లో దిగాము. గది శుభ్రంగా ఉంది, వేన్నీళ్ళు అడిగిన వెంటనే ఇచ్చారు, పులస కాలం కాకపోయినా చేపల పులుసు నిండు మనసుతో వడ్డించారు. దోమతెర చిరిగి ఉండటం ఒక్కటే ఇబ్బంది, చెప్పగానే మార్చారు. ఇంతకుమించి బస గురించి రాయవలసింది లేదు.

రెండోరోజు చూసిన మ్యూజియం చిన్నది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలకు అక్కడి దుకాణంలో కూర్చున్న అమ్మాయి బాధ్యురాలు కాదు, సరుకు ఎంపిక చేసేది ఆమె కాదు. పైగా మేము అడిగిన ప్రతిదాన్నీ విసుగు లేకుండా తీసి చూపింది. లోపల గదుల్లో నాగలి, ఏతం, చేపల బుట్టలు, పడవ తెడ్లు, పాత తూకపు రాళ్ళు పొందికగా పెట్టారు. బయటికొచ్చే దారిలో ఉన్న దుకాణంలో మాత్రం ముందువరసలో కనిపించింది తాజ్‌మహల్ అయస్కాంతాలు, ఏ ఊళ్ళోనైనా దొరికే తాళపు గొలుసులు, ప్లాస్టిక్ బొమ్మలు. వాటిని దాటి లోపలి అరల దగ్గరికి వెళ్తేనే డెల్టా కనిపించింది.

లేసు అరలో రెండు రకాల బల్లగుడ్డలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. రెండూ తెల్లవే, రెండూ గుండ్రనివే, రెంటి మీదా నరసాపురం పేరే ఉంది. ఒకదాని ధర 180 రూపాయలు, రెండోదాని ధర 520. తేడా ఏమిటని అడిగితే, "పెద్దది ఎక్కువ ధరండి" అంది అమ్మాయి. కానీ కొలిచి చూస్తే రెండూ ఒకటే సైజు.

పిన్ని పెళ్ళికి ముందు ఆరేడేళ్ళు లేసు అల్లింది. ఆమె రెంటినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు ఎదురుగా పట్టింది. 520 రూపాయల గుడ్డలో గొలుసు కుట్టు ఒకదానిలోంచి ఒకటి దూరుతూ వరసలు కట్టింది. ముడి పడిన చోట వెనకవైపు చిన్న దారపు కొస దాచి ఉంది. ఎనిమిది పూలలో ఒక పూరేకు మిగతావాటికన్నా వెంట్రుకవాసి పొడుగు. 180 రూపాయలదానిలో దారాలు అల్లుకోలేదు, ఒకదాని మీద ఒకటి కుట్టుగా పడ్డాయి. అంచున నూగు లేచి ఉంది. దారం చేతిలో జారుతూ మెరుస్తోంది, నూలు కాదు. కొక్కెం సూదితో ఒకే దారాన్ని ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోయే ఈ అల్లికను అచ్చంగా చేయగల యంత్రం లేదు. యంత్రం చేసేది చూపుకు దానిలా ఉండే వేరే కుట్టు మాత్రమే. "ఈ పూలు ఒకరివి, అతుకు ఇంకొకరిది, చూడు" అని పిన్ని పూల మధ్య కలిపిన గీతను గోటితో చూపించింది. పూలు, చక్రాలు అల్లడాన్ని చేతిపని అని, వాటిని కలిపి గుడ్డగా చేయడాన్ని అతుకుపని అని ఆ ఊళ్ళలో పిలుస్తారు. ఒక్క గుడ్డ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ ఇళ్ళు తిరిగి వస్తుంది.

నేను బాధపడింది ఇక్కడే. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చి, ఇంటి అరుగుల మీద తరాలుగా నిలిచి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన పనిని, ముక్కకు ఇంత అని చాలా తక్కువ కూలికి చేసే ఆడవాళ్ళ పనిని, యంత్రపు గుడ్డ పక్కన అదే పేరుతో పెడితే, కొనేవారు చౌకదాన్నే తీసుకుంటారు; తీసుకున్నవారి తప్పు కాదు, వారికి ఎవరూ చెప్పలేదు. మ్యూజియం అంటే తేడా చెప్పే చోటు. లోపలి గదిలోని పాత ఏతానికి నాలుగు వాక్యాల పలక రాసినవారు, అమ్ముతున్న లేసుకు రెండు వాక్యాలు రాసి పెట్టలేరా? మేము 520 రూపాయలది ఒకటి కొన్నాము.

కలంకారీ సంచుల దగ్గర కూడా ఇదే చిక్కు. కృష్ణా డెల్టాలోని పెడన నుంచి వచ్చే కలంకారీని ఇక్కడ అమ్మడంలో తప్పేమీ లేదు, అది మన పక్క డెల్టా పనే. గుడ్డను కరక్కాయలో నానబెట్టి, ఇనుప ముక్కలు బెల్లంతో పులియబెట్టిన నలుపును, పటికతో పట్టే ఎరుపును చెక్క అచ్చులతో వేసిన గుడ్డకు రంగు దారంలోకి దిగుతుంది. సంచిని తిరగేసి చూస్తే లోపలివైపు బొమ్మ నీడలాగైనా తెలియాలి, అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట కొద్దిగా తప్పి ఉండాలి. అక్కడి ఆరు సంచుల్లో ఒక్కటే అలా ఉంది. మిగతా ఐదింటికీ లోపలివైపు తెల్లగానే ఉంది, రంగు పైన పొరలా గట్టిగా తగులుతోంది. అవి తెరతో ముద్రించినవి (స్క్రీన్ ప్రింట్). సంచిగా వాడుకోవడానికి అవీ పనికొస్తాయి, కలంకారీ అని మాత్రం అనకూడదు. ఆ ఒక్కటీ మా చెల్లెలికి తీసుకున్నాను.

పెరవలి దగ్గర అజ్జరం ఇత్తడికి పేరున్న ఊరు. దుకాణంలోని చిన్న గంటలు అక్కడివేనని చెప్పారు. అరలో ఉన్న తాజ్‌మహల్ అయస్కాంతాన్నే తీసి గంటకు ఆనించాము. అతుక్కోలేదు, కాబట్టి ఇనుముకు పూత పూసింది కాదు. అరచేతిలో బరువుగా ఉంది, మోగిస్తే నాదం మెల్లమెల్లగా తగ్గింది. 350 రూపాయలకు ఇది మంచి బేరం. ఏటికొప్పాక లక్కబొమ్మలు అనకాపల్లి వైపువి, డెల్టావి కావు, అయినా అంకుడు కర్ర బొమ్మలు పిల్లలకు ఇవ్వదగినవి, నాణ్యత బాగుంది. కొబ్బరిచిప్ప గరిటెల పిడి అతుకు వదులుగా ఉంది. కాళ్ళు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టాలు గట్టివి, కానీ బస్సులో మోయలేము.

అక్కడ పూతరేకుల పెట్టెలూ ఉన్నాయి. పెట్టె మీద తయారుచేసిన తేదీ లేదు. అమ్మాయి ఒక పెట్టె విప్పి చూపించింది. రేకు అంచు నొక్కితే వంగింది, చిట్లలేదు. తీసుకోలేదు. పూతరేకులు కావలసినవారు ఆత్రేయపురంలోనే, కళ్ళముందు చుట్టించుకుని కొనడం మేలు.

చిత్రపు కార్డుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తక్కువ ధరలో అందరూ కొనగలిగినవి అవే. పది రూపాయల కార్డు మీద కాలువ, కాలువ మీద పడవ, వెనక కొబ్బరిచెట్లు. తిప్పి చూస్తే ఏ కాలువో, ఏ ఊరో, ఫొటో ఎప్పుడు తీసిందో ఒక్క అక్షరం లేదు. ముందురోజు రామారావు బొమ్మల్లోని మెత్తని రంగులు చూసిన కళ్ళకు ఈ కార్డుల నీలం మరీ గట్టిగా తోచింది. వాటి బదులు లోపలి గదిలో ఉన్న చేపల బుట్ట బొమ్మ, దాని అల్లిక పేరు, ఏ చేపకు ఏ బుట్ట వాడతారో రెండు ముక్కలు వేసి కార్డుగా అమ్మితే నేను డజను కొనేదాన్ని. పుస్తకాల అర దాదాపు ఖాళీ. డెల్టా కాలువల పటం ఒక్కటి కూడా లేకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది.

బిల్లు రాసే పద్ధతి బాగుంది. ప్రతి వస్తువూ విడిగా రాశారు, ఫోన్‌తో డబ్బు చెల్లించే వీలుంది, గంటను పాత వార్తాపత్రికలో చుట్టి గుడ్డసంచిలో పెట్టి ఇచ్చారు. బయలుదేరేముందు సలహాల పుస్తకం అడిగి, యంత్రపు లేసునూ చేతి లేసునూ వేర్వేరు అరల్లో పెట్టమని, అల్లినవారి ఊరి పేరు ఒక చీటీ మీద రాసి జతచేయమని రాశాను. అమ్మాయి ఆ వాక్యాలు చదివి, "వెనకవైపు కొస చూస్తే తెలుస్తుందన్నారు కదండీ, ఎలాగో ఇంకోసారి చూపించండమ్మా" అని పిన్నిని అడిగింది. పిన్ని మేము కొన్న గుడ్డనే మళ్ళీ విప్పి, కొస దాచిన చోటు, అతుకు పడిన చోటు చూపించింది.

మూడోరోజు సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులనూ బండ్లనూ దాటించే పడవ) ఎక్కి గోదావరి పాయ అయిన వశిష్ఠ దాటి నరసాపురంలో దిగాము. పంటు మీద మోటారుసైకిళ్ళూ మనుషులూ కలిసి నిలబడతారు, ఎండకు గొడుగు ఉండాలి. రోడ్డు దారిలో రావాలనుకునేవారికి దిండి దగ్గర చించినాడ వంతెన ఉంది. నరసాపురంలో పిన్నికి తెలిసిన ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చున్న పెద్దావిడకు మా గుడ్డ చూపించాము. ఆమె వేలితో పూలు తడిమి, పొడుగ్గా ఉన్న ఆ ఒక్క రేకు దగ్గర ఆగి, "ఇది కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల అల్లిందమ్మా, గంజి పెట్టి గుండుసూదులు గుచ్చి ఆరబెడితే సరిపోతుంది" అంది. పాలకొల్లు చేరాక పిన్ని ఆ రాత్రే గంజి కాచింది.