లాసెట్ ప్రాక్టీస్ మెటీరియల్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, డిగ్రీ అయిపోయాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం ఏపీ లాసెట్ (మన రాష్ట్రంలో లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రెండుసార్లు రాశాను, మొదటిసారి ర్యాంకు బాగా దూరంగా వచ్చింది, రెండోసారి సీటొచ్చింది. ఈ మధ్య మా వైపు పిల్లలు ఫోన్ చేసి ఏ బుక్కు కొనాలి అని అడుగుతున్నారు, అందరికీ ఒకటే చెప్తున్నాను, ముందు బుక్కు కొనకండి, పాత క్వశ్చన్ పేపర్లు దించుకోండి.

నేను మాత్రం మొదట బుక్కే కొన్నాను. విజయనగరం గంటస్తంభం వైపు వెళ్లినప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక లావుపాటి గైడు దొరికితే 150 రూపాయలకి తెచ్చీసుకున్నాను, ఆర్నెల్లు అదే చదివాను, పేజీ పేజీకి బిట్లు ఉన్నాయి కదా ఇంకేటి కావాలి అనుకున్నాను. తీరా చూస్తే ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది 42వ సవరణ అని కీలో ఉంది, నేను అలాగే బట్టీ పట్టీశాను. అది 1978లో చేసిన 44వ సవరణ, ఇప్పుడు 300ఎ అధికరణ కింద రాజ్యాంగబద్ధ హక్కుగా ఉంది, ప్రాథమిక హక్కు కాదు. జిల్లా గ్రంథాలయంలో ఇంకో పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది, ఆ రోజు చాలా బాధేసింది, ఇలాంటివి ఇంకెన్ని తప్పులు బుర్రలో పెట్టుకున్నానో అని.

దానికంటే పెద్ద సమస్య ఐపీసీ, అంటే నేరాలకి శిక్షలు చెప్పే పాత చట్టం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది, 511 సెక్షన్లున్న పాత కోడ్ పోయి 358 సెక్షన్లతో కొత్తది వచ్చింది, హత్యకి శిక్ష 302 కాదు 103, మోసం 420 కాదు 318. పాత గైడు కొంటే ఆ చాప్టర్ మొత్తం మళ్లీ నేర్చుకోవాల్సిందే. కాంట్రాక్ట్ చట్టం 1872దే కాబట్టి దానికి పాత పుస్తకమైనా పర్లేదు, టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టమైతే పరిహారం ఇప్పించే చట్టం) కూడా అంతే. అందుకే సెకండ్ హ్యాండ్ అసలు వద్దు అనను, ఏ చాప్టర్ వాడాలో చూసుకుని కొనండి.

ఇంక ఫోన్‌లో ఒక మాక్ టెస్ట్ యాప్ కూడా డబ్బులు కట్టి వాడాను. అందులో సగం పైగా క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) మెటీరియల్. క్లాట్ వేరు, లాసెట్ వేరు, ఈ తేడా నాకు ఎవరూ ముందు చెప్పలేదు. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది, పెద్ద పెద్ద పేరాలు ఇచ్చి వాటి మీద ప్రశ్నలడుగుతారు, 120 ప్రశ్నలకి రెండు గంటలు, తప్పుకి పావు మార్కు కట్. లాసెట్‌లో కూడా 120 ప్రశ్నలే గానీ టైము 90 నిమిషాలు, అంటే ప్రశ్నకి 45 సెకన్లు, నెగెటివ్ లేదు, తెలుగులో కూడా ఇస్తారు, జీకే మెంటల్ ఎబిలిటీ 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. పేరాలు చదివి ప్రాక్టీస్ చేసిన నాకు ఎగ్జామ్ హాల్లో చిన్న చిన్న ప్రశ్నలొచ్చాయి, ఇంకా ఇరవై పైగా మిగిలుండగానే టైమైపోయింది. విశాఖ దగ్గర సబ్బవరం నేషనల్ లా యూనివర్సిటీలో సీటు కావాలనుకునే ఇంటర్ పిల్లలైతే క్లాట్ పేపర్లే చెయ్యాలి, అది కూడా 2020 నుంచి వచ్చినవి, అంతకుముందువి పాత పద్ధతి.

రెండో ఏడాది నన్ను నిలబెట్టినవి మాత్రం లాసెట్ అఫీషియల్ సైట్‌లో పెట్టిన పాత పేపర్లే. ఫ్రీ. కీ నమ్మొచ్చు, ఎందుకంటే ముందు ప్రిలిమినరీ కీ ఇచ్చి అభ్యంతరాలు తీసుకున్నాకే ఫైనల్ కీ పెడతారు. ఒక్కో పేపర్ మూడుసార్లు చేశాను, రెండోసారి కూడా తప్పినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ట్రైన్‌లో విజయనగరం వెళ్లొచ్చేటప్పుడు అదే చదువుకునీదాన్ని. తెలుగు అనువాదం కొన్నిచోట్ల అర్థం కాదు, "పరిహారం" "ప్రతిఫలం" లాంటివి కంగారుపెడతాయి, అలాంటప్పుడు పక్కనున్న ఇంగ్లీషు కూడా చూసీయండి. కరెంట్ అఫైర్స్‌కి మాత్రం పాత పేపర్ పనికిరాదు, దానికి రోజూ న్యూస్ పేపర్ చదవడమే.

ఒక జాగ్రత్త. నేను దించుకున్న పేపర్లలో సరైన జవాబు పక్కన టిక్ కనిపించేసీది, ప్రింట్ తీయించినా కనిపిస్తుంది, ఇంక ప్రాక్టీస్ ఏముంటుంది. మా తమ్ముడు ప్రశ్న, ఆప్షన్లు పైకి చదివీవాడు, నేను ఎ బి సి డి అని కాగితం మీద రాసుకునీదాన్ని, టైము వాడి ఫోన్‌లో పెట్టీవాళ్లం. చదివీవాళ్లు లేకపోతే ఆప్షన్ల పక్కన కాగితం ముక్క అంటించి జెరాక్స్ తీయించుకోండి.